మీ ఎయిర్ రైఫిల్ బారెల్‌కు నప్పే పెల్లెట్‌ను ఎలా వెతికి పట్టుకోవాలి

ఎయిర్ రైఫిల్ చేతికొచ్చిన కొన్నాళ్లకు దాదాపు ప్రతి ఒక్కరికీ ఒక అనుమానం మొదలవుతుంది. "నేను బాగానే కొడుతున్నాను, పెల్లెట్టే తేడా చేస్తోందేమో" అని. (పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో తూటా బదులు వాడే చిన్న సీసపు గుండు.) చాలాసార్లు అది ఆడలేక మద్దెల ఓడన్న బాపతే. కానీ అన్నిసార్లూ కాదు. ఒకే బారెల్‌లో రెండు రకాల పెల్లెట్లు కొడితే ఒకటి చిన్న కన్నం చేస్తుంది, ఇంకొకటి దాని చుట్టూ చెల్లాచెదురుగా పడుతుంది. అదే రెండు రకాలను పక్కవాళ్ల రైఫిల్‌లో పెడితే ఫలితం తిరగబడొచ్చు. ఎందుకలా అంటే బారెల్ లోపలి కొలతలు, పెల్లెట్ తల కొలత, సీసం మెత్తదనం, వీటి మధ్య పొంతన కుదరాలి. ఆ పొంతన చూసి చెప్పేది కాదు, కొట్టి చూడాల్సిందే.

పెద్ద రైఫిళ్లతో పోటీలకు వెళ్లేవాళ్లలో కొందరు తూటాలను తామే నింపుకుని బారెల్‌కు తగ్గట్టు సరిచేసుకుంటారు. ఎయిర్ రైఫిల్‌లో మనకా వెసులుబాటు లేదు. డబ్బాలో ఏది వస్తే అదే. మన చేతిలో ఉన్నది ఎంపిక ఒక్కటే కాబట్టి దాన్నైనా పద్ధతిగా చేసుకోవాలి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 10 మీటర్ల పోటీల్లో వాడే 4.5 మి.మీ. గాలి సిలిండర్ రైఫిళ్ల గురించి. స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లకు తేడా ఎక్కడొస్తుందో మధ్యలో చెబుతాను.

అసలు ఇంత శ్రమ అవసరమా?

ముందు ఈ లెక్క చూడండి, తర్వాత మీరే తేల్చుకోండి. 10 మీటర్ల టార్గెట్‌లో నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, పది వచ్చినట్టే. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపు పడితే పది. అక్కడి నుంచి కేంద్రం వైపు ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒక పదో వంతు పెరుగుతూ 10.9 దాకా వెళుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్ 10.8. చివరికి అతను గెలిచిన తేడా మొత్తం మీద 0.8 పాయింటు. అప్పట్లో పదో వంతుల లెక్క ఫైనల్‌కే ఉండేది. 2013 నుంచి క్వాలిఫికేషన్ రౌండ్‌లోని 60 షాట్లకూ అదే లెక్క. అందుకే అంతకుముందు "పది పడితే చాలు" అనుకున్నవాళ్లు కూడా ఇప్పుడు పెల్లెట్ల గురించి పట్టించుకోక తప్పడం లేదు.

పెల్లెట్ వల్ల వచ్చే చెదురు, మన చేతి వణుకు వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు. వర్గాలుగా కూడతాయి, అంటే ఒక్కోదాని వర్గం (స్క్వేర్) కలిపి వర్గమూలం తీయాలి. ఆ లెక్కన, సగటున 10.4 చొప్పున కొట్టే గట్టి షూటర్ నాసిరకం పెల్లెట్ వదిలి దాంట్లో సగమే చెదిరే పెల్లెట్‌కు మారితే 60 షాట్లకు మూడున్నర పాయింట్ల దాకా కలిసొస్తాయి. పోటీలో అది చాలా పెద్ద తేడా. అదే 9.4 సగటున కొట్టేవాళ్లకు, అవే రెండు పెల్లెట్ల మధ్య మారితే, 60 షాట్లకు పాయింటున్నర కూడా రాదు. కాబట్టి మీ సగటు ఇంకా పది దాటకపోతే ఈ పనంతా పక్కన పెట్టి నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ మీద పని చేయండి. ఒక మోస్తరు మ్యాచ్ పెల్లెట్ (పోటీల కోసం చేసినది) ఏదైనా మీకు సరిపోతుంది. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. డబ్బు, సమయం వృథా కాకూడదని చెబుతున్నాను.

పెల్లెట్‌ను ముందు చేతిలోకి తీసుకుని చూడండి

మ్యాచ్ పెల్లెట్‌కు ముందువైపు బల్లపరుపుగా తల, మధ్యలో సన్నని నడుము, వెనక లోపల బోలుగా ఉండే స్కర్ట్ ఉంటాయి. తల బల్లపరుపుగా ఉండేది కాగితం మీద అంచు తెగినట్టు గుండ్రటి కన్నం పడాలని. తల బారెల్ గాడుల్ని పట్టుకుని తిరుగుతుంది. వెనక నుంచి గాలి తోసినప్పుడు స్కర్ట్ కొద్దిగా విచ్చుకుని గాలి పక్కకు పోకుండా మూసేస్తుంది. తల సరిగ్గా సరిపోవాలి, స్కర్ట్ సరిగ్గా గుండ్రంగా ఉండాలి. ఈ రెండింట్లో ఏది చెడినా గురి చెడుతుంది. స్కర్ట్ చెడితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పెల్లెట్ బారెల్ వదిలే క్షణాన వెనక ఉన్న గాలి ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని దాన్ని ఓ పక్కకు నెడుతుంది.

డబ్బా మీద సాధారణంగా తల కొలత రాసి ఉంటుంది. 4.49, 4.50, 4.51 అని. మిల్లీమీటరులో వందో వంతు తేడా కంటికి కనిపించేది కాదు గానీ బారెల్‌కు తెలుస్తుంది. దాంతోపాటు ఒక లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకు కంపెనీ వేసే నంబరు, ఉంటుంది, లేబుల్ మీదో డబ్బా అడుగునో. ఈ నంబరే అన్నింటికన్నా ముఖ్యం. అదే పేరు, అదే కొలత, అదే రంగు మూత ఉన్నా, లాట్ మారితే అచ్చు మారి ఉండొచ్చు, సీసం పాకం మారి ఉండొచ్చు. బారెల్‌కు పేరుతో పనిలేదు.

ఈ పాఠం నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నాను. మొదట్లో ఒకసారి ఎవరో ఇచ్చిన పెల్లెట్లతో ఐదు కొడితే ఐదూ ఒకే కన్నంలోంచి దూరాయి. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తే, ఒక్క పెల్లెట్ పడిందా ఐదు పడ్డాయా అన్నంత గుండ్రంగా ఉంది. ఆ ఆనందంలో అదే పేరు, అదే కొలత చెప్పి పన్నెండు డబ్బాలు తెప్పించుకున్నాను. వచ్చినవాటితో కొడితే గ్రూప్, అంటే వరస షాట్ల కన్నాలు చెదిరిన వెడల్పు, దాదాపు రెట్టింపయింది. రెండు తప్పులు చేశాను. లాట్ నంబరు రాసుకోలేదు. ఐదంటే ఐదు షాట్లు చూసి నమ్మేశాను. రెండోది పెద్ద తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పన్నెండు డబ్బాలూ ఏడాదిన్నర పాటు ప్రాక్టీస్‌లో ఖర్చు పెట్టాను.

ముందు జాగ్రత్తలు

ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు. కన్ను పోగొట్టే శక్తి దానికుంది. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కొట్టనప్పుడు బారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) ఉండాలి, టార్గెట్ వెనక పెల్లెట్‌ను పట్టుకునే ట్రాప్ గట్టిగా ఉండాలి. టెస్టింగ్ రోజున టార్గెట్ మార్చడానికి పదే పదే ముందుకు వెళతారు. ప్రమాదం జరిగితే అలాంటి హడావుడిలోనే జరుగుతుంది. ముందుకు ఎవరు వెళ్లినా రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ (పెల్లెట్‌ను బారెల్‌లోకి తోసే భాగం) తెరిచి, చేతులు తీసేయండి. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటిన సిలిండర్‌ను నింపొద్దు. రైఫిల్‌కు మీరుండే చోట ఏ నిబంధనలు వర్తిస్తాయో అవి పాటించండి.

పెల్లెట్లు సీసం. వాటిని పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే లోడ్ చేసే అలవాటు కొందరికి ఉంది. ఇవాళే మానేయండి. టెస్టింగ్ చేస్తూ తినడం, టీ తాగడం వద్దు. అయిపోయాక చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కోండి. తెల్లటి పొడి పట్టిన పాత పెల్లెట్లు కొట్టడానికి పనికిరావు, తాకడమూ మంచిది కాదు.

రైఫిల్‌ను సిద్ధం చేయడం

రైఫిల్‌లోనే లోపముంటే పెల్లెట్ల పరీక్షకు అర్థం లేదు. కట్టెకు (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే చట్రం) యాక్షన్‌ను (బారెల్, ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) బిగించే స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. సైట్ల (గురి చూసే పరికరాల) స్క్రూలూ అంతే. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది. బలం ఉంది కదా అని గట్టిగా తిప్పేయొద్దు. సిలిండర్‌ను పూర్తిగా నింపుకోండి. ఒత్తిడి బాగా తగ్గాక కొట్టిన షాట్ల వేగం మారిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి గేజ్ మీద కన్నేసి, మాన్యువల్‌లో చెప్పిన కనీస ఒత్తిడికి చాలా ముందే మళ్లీ నింపండి.

బారెల్‌ను ఫెల్ట్ పెల్లెట్లతో ఒకసారి శుభ్రం చేయండి. అవి గుండ్రటి ఊలు ముక్కలు. ఒకటి రెండు కొడితే మురికి తీసుకొస్తాయి. శుభ్రం చేసిన వెంటనే బారెల్ మాట వినదు. ఓ పది ఇరవై షాట్లు కొడితే లోపల సన్నని సీసం పొర పట్టి కుదురుకుంటుంది. ఆ షాట్లను లెక్కలోకి తీసుకోవద్దు. రైఫిల్‌ను, పెల్లెట్లను టెస్ట్ చేసే గదిలో అరగంట ముందే ఉంచండి. ఫ్యాన్ గాలి పెల్లెట్ దారిలోకి రాకుండా చూసుకోండి.

రైఫిల్‌ను దేనికి ఆనించాలి అన్నది తర్వాతి ప్రశ్న. అన్నింటికన్నా మంచిది వైస్. యాక్షన్‌ను కట్టె లోంచి తీసి గట్టి బల్లకు బిగించిన క్లాంప్‌లో పట్టించడం. బారెల్‌ను మాత్రం క్లాంప్ చేయొద్దు, సిలిండర్ మీదా ఒత్తిడి పడకూడదు. ఇలాంటి ఏర్పాటు కొన్ని క్లబ్బుల్లో, పెల్లెట్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. దొరికితే ఒక పూట అడిగి వాడుకోండి. దొరక్కపోతే ఇసుక సంచులతో సర్దుకోవచ్చు. ముందొక సంచి, బట్ (భుజానికి ఆనే వెనక చివర) కింద ఇంకొకటి. ప్రతి షాట్‌కూ కట్టె సంచి మీద అదే చోట ఆనాలి, అందుకని కట్టె మీద పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి. సంచి మీద ఆనించి కొట్టినా మీ తప్పు కొంత కలుస్తుంది. దాన్ని ఎక్కువ షాట్లు కొట్టి సరిచేసుకోవాలి తప్ప వేరే దారి లేదు.

స్ప్రింగ్ రైఫిళ్లకు వైస్ పనికిరాదు. స్ప్రింగ్ వదిలినప్పుడు రైఫిల్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, దాన్ని కదలనివ్వాలి. గట్టిగా బిగిస్తే గ్రూప్ చెడిపోయి పెల్లెట్‌ను నిందిస్తాం. అరచేతిని సంచి మీద పెట్టి, దాని మీద రైఫిల్‌ను వదులుగా ఉంచి, ప్రతిసారీ ఒకే చోట ఆనించి కొట్టండి.

ఏ పెల్లెట్లు తెచ్చుకోవాలి

మొదటి విడతకు నాలుగు నుంచి ఆరు రకాలు చాలు. రెండు మూడు కంపెనీల మ్యాచ్ పెల్లెట్లు, ఒక్కో దాంట్లో రెండు తల కొలతలు. రైఫిల్‌కు వాడేవి సుమారు 0.53 గ్రాముల బరువుంటాయి. పిస్టల్ కోసం చేసినవి ఇంకొంచెం తేలిక. డబ్బా మీద రాసుంటుంది, చూసి తీసుకోండి. పెద్ద డబ్బా కొనకుండా చిన్న శాంపిళ్లు ఇచ్చేవాళ్లుంటే అదే మేలు. లేకపోతే తోటి షూటర్ల దగ్గర యాభై చొప్పున అడగండి, మీ దగ్గరున్నవి వాళ్లకివ్వండి. ఎవరు ఇచ్చినా లాట్ నంబరు ఫొటో తీసుకోవడం మర్చిపోవద్దు.

ఫలానా కంపెనీదే మంచిదని ఇక్కడ రాయను. నా బారెల్‌కు నచ్చింది మీ బారెల్‌కు నచ్చాలని లేదు.

కొట్టే ముందు ఒక్కో రకం నుంచి నలభై తీసి ఏరండి. ఇది కూర్చుని చేసే పని. ఒక అద్దం పలక కింద తెల్ల కాగితం, పక్కన లైటు పెట్టుకుని, పెల్లెట్‌ను పలక మీద వేలితో మెల్లగా దొర్లించండి. తల, స్కర్ట్ వెడల్పులు ఒకటి కావు కాబట్టి అది నేరుగా పోదు, వంపు తిరుగుతుంది. అన్నీ అదే వంపులో నున్నగా తిరగాలి. స్కర్ట్ నొక్కుకుపోయినది దొర్లుతూ దొర్లుతూ ఒక చోట తడబడుతుంది, కుంటివాడి నడకలా. దాన్ని తీసి వెనక నుంచి వెలుతురులో చూస్తే అంచు మీద గోటితో నొక్కినంత సొట్ట కనిపిస్తుంది. అచ్చు నుంచి మిగిలిపోయిన సన్నని సీసం పీచు తల అంచుకు వేలాడుతున్నా పక్కన పెట్టేయండి. ఇలాంటివి ఎన్ని వచ్చాయో కూడా రాసుకోండి. నలభైలో నాలుగైదు వచ్చే లాట్‌తో పోటీకి వెళ్లడం నాకైతే ఇష్టం ఉండదు.

తూకం వేసి ఏరాలా అని చాలామంది అడుగుతారు. చేసి చూశాను, పెద్దగా ఫలితం లేదు. లెక్కేసినా అదే తేలుతుంది. పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వెళ్లి 10 మీటర్లలో సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువులో ఒక శాతం తేడా ఉంటే వేగంలో తేడా అర శాతం ఉంటుందనుకుందాం. దాంతో కిందా పైనా వచ్చే మార్పు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా కాదు. అంటే పాయింటులో పదో వంతు కన్నా తక్కువే. అంత ఓపికుంటే ఆ గంట వెనక్కి తిరిగి స్కర్ట్‌లు చూడటానికి పెట్టండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీ దగ్గరుంటే మాత్రం వాడండి. షాట్‌కూ షాట్‌కూ మధ్య సెకనుకు రెండు మూడు మీటర్ల తేడా తరచుగా వస్తోందంటే అది పెల్లెట్ పని కాకపోవచ్చు, రైఫిల్ రెగ్యులేటర్‌నో (ప్రతి షాట్‌కూ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే భాగం) సీల్‌నో అనుమానించాలి. రెండు మీటర్ల తేడాకే పెల్లెట్ 0.4 మి.మీ. కిందికో పైకో పడుతుంది.

మొదటి విడత: వడపోత

ఒక్కో రకానికి పది షాట్ల గ్రూపులు రెండు. ఐదు షాట్ల గ్రూపులు వద్దు. ఐదుతో కనిపించే కొలత అదృష్టం మీద చాలా ఆధారపడుతుంది. ఒకే డబ్బాలోంచి తీసిన పెల్లెట్లతో వరసగా ఐదేసి చొప్పున కొట్టినా, ఒక గ్రూప్ ఇంకో దానికి ఒకటిన్నర రెట్లు ఉండటం మామూలే. అందులో చిన్నదాన్ని గోడకు అంటించుకుని మురిసిపోవడం మనిషి స్వభావం.

రకం మారిన ప్రతిసారీ ఐదు నుంచి పది షాట్లు వృథాగా కొట్టండి. ప్రతి కంపెనీ సీసానికి, పూతకు తేడా ఉంటుంది, పాత పొర పోయి కొత్తది పట్టాలి. తర్వాతే లెక్క. వరస కూడా చూసుకోండి. మొదటి చుట్టులో ఒకటి నుంచి ఆరు, రెండో చుట్టులో ఆరు నుంచి ఒకటికి. లేకపోతే చివర్లో వచ్చిన రకానికి మీ అలసట కూడా తగులుతుంది.

సంచుల మీద కొట్టేవాళ్లు ఇంకో పని చేయాలి. పక్కనున్నవాళ్లతో పెల్లెట్లను నంబర్లు వేసిన గిన్నెల్లో పోయించుకోండి, ఏ నంబరు ఏ కంపెనీదో మీకు తెలియకూడదు. ఖరీదైనదని తెలిస్తే ట్రిగ్గర్ మీద వేలు తెలియకుండానే మర్యాదగా నడుచుకుంటుంది. నవ్వులాటకు చెప్పడం లేదు, ప్రయత్నించి చూడండి.

సైట్‌ను కొంచెం పక్కకు తిప్పి, గురి పెట్టే నల్ల చుక్కకు పక్కన పెల్లెట్లు పడేలా చేసుకోండి. చుక్క చిరిగిపోతే గురి మారుతుంది. మనకు కావాల్సింది పది కాదు, గ్రూప్ ఎంత చిన్నదన్నదే.

లోడ్ చేసేటప్పుడు ఒక్క మాట. పెల్లెట్‌ను బారెల్ మొదట్లో తిన్నగా పెట్టి బోల్ట్‌తో మెల్లగా తోయండి. వంకరగా పెట్టి తోస్తే స్కర్ట్ అక్కడే నొక్కుకుంటుంది. అంతసేపు ఏరిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

కొలవడం

ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంటే పని సులువు. ప్రతి షాట్‌కూ అడ్డం, నిలువు కొలతలు ఇస్తుంది. పది షాట్ల అడ్డం సగటు, నిలువు సగటు తీస్తే గ్రూప్ కేంద్రం దొరుకుతుంది. ఆ కేంద్రం నుంచి ఒక్కో షాట్ ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల సగటు తీయండి. దీన్ని సగటు వ్యాసార్థం అందాం. స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి సూత్రం రాసుకుంటే ప్రతిసారీ రెండు నిమిషాల పని. గ్రూప్ వెడల్పు కన్నా ఇది నమ్మకమైన కొలత. వెడల్పును బాగా దూరంగా పడ్డ రెండు షాట్లే నిర్ణయిస్తాయి, మిగతా ఎనిమిది ఎక్కడ పడ్డా ఒకటే. సగటు వ్యాసార్థంలో పదికి పదీ మాట్లాడతాయి.

కాగితం మీదైతే వెర్నియర్ కాలిపర్‌తో కన్నం బయటి అంచు నుంచి బయటి అంచుకు, అతి వెడల్పైన చోట కొలిచి, ఒక పెల్లెట్ కన్నం వెడల్పు తీసేయాలి. ఇక్కడ అందరూ 4.5 తీసేస్తారు. కానీ కాగితం కొంచెం వెనక్కి సాగి కన్నం అంతకన్నా చిన్నగా కనిపించొచ్చు. అదే కాగితం మీద విడిగా ఒకే ఒక్క పెల్లెట్ కొట్టి, ఆ కన్నాన్ని కొలిచి, ఆ అంకె తీసేయండి. మందపాటి టార్గెట్ కార్డు వాడి వెనక ఇంకో అట్ట పెడితే అంచులు చిరగవు.

మ్యాచ్ బారెల్‌లో, వైస్‌లో బిగించి కొట్టినప్పుడు పది షాట్ల వెడల్పు కేంద్రం నుంచి కేంద్రానికి ఒకటిన్నర మి.మీ. దగ్గర్లో వస్తే నేను సంతోషిస్తాను. రెండు దాటితే ఇంకో లాట్ వెతుకుతాను. ఇసుక సంచుల మీద ఇంకొంచెం పెద్దగా వస్తుంది, కంగారు పడొద్దు. అక్కడ రకానికీ రకానికీ మధ్య తేడానే చూడాలి.

ఒక్క షాట్ దూరంగా పోతే "అది నా తప్పు, లెక్కలోకి రాదు" అనాలనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే, టార్గెట్ చూడకముందే, "ఇది పోయింది" అని పైకి అన్నారా? అయితే తీసేయండి. చూశాక అన్నారా? అది లెక్కలో ఉండాల్సిందే. వైస్‌లో కొడుతుంటే అసలు ఆ ప్రశ్నే లేదు. ప్రతి డబ్బాలో ఇరవైకి ఒకటి అలా తప్పిపోయే లాట్లుంటాయి, మిగతా పంతొమ్మిదీ అద్భుతంగా ఉంటాయి. పోటీలో 60 షాట్లకు అలాంటివి మూడు తగులుతాయి.

రెండో విడత: ఇద్దరి మధ్య పోటీ

వడపోతలో ముందున్న రెండింటిని తీసుకుని, వేరే రోజున, ఒక్కో దానితో పది షాట్ల గ్రూపులు ఐదేసి కొట్టండి. ఒకటి, రెండు, రెండు, ఒకటి అని మార్చి మార్చి. మారిన ప్రతిసారీ మళ్లీ కుదురుకునే షాట్లు ఉండాల్సిందే. అందుకే ఈ పనికి ఒక పూటంతా పడుతుంది. టెన్షన్ లేకుండా, తొందర లేని రోజు చూసుకోండి.

రెండింటి సగటు వ్యాసార్థాలు పోల్చండి. తేడా 15 శాతం లోపు ఉంటే రెండూ సమానమనే అనుకోండి. యాభై షాట్లతో అంతకన్నా సన్నని తేడాను పట్టుకోలేం. అప్పుడు ఏది సులువుగా దొరుకుతుందో, దేంట్లో ఏరివేత తక్కువ పడిందో దాన్ని తీసుకోండి. తేడా అంతకు మించి ఉంటే ఎంపిక అయిపోయినట్టే.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఉంది. పెల్లెట్ మారితే గ్రూప్ పడే చోటు కూడా మారుతుంది. కాబట్టి ఎంపిక చేసుకున్నాక సైట్‌ను దానికే సరిచేసి, కనీసం రెండు వారాలు దాంతోనే ప్రాక్టీస్ చేశాకే పోటీకి వెళ్లండి. పోటీ ముందు రోజు కొత్త పెల్లెట్ పట్టుకెళ్లేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

కొనడం, దాచడం

మంచి లాట్ దొరికాక ఆలస్యం చేయొద్దు. అదే లాట్ నంబరు చెప్పి, ఫొటో చూపించి, ఎన్ని ఉన్నాయో అడగండి. వచ్చినప్పుడు ప్రతి డబ్బా నంబరూ చూసుకోండి. ఎంత కొనాలంటే, ఒక పోటీకి 60 షాట్లు, ముందు సైట్ సరిచూసుకునే సైటింగ్ షాట్లు కలిపి ఎనభై దాకా అవుతాయి. ఏడాదిలో ఎన్ని పోటీలు, వాటి ముందు ఎన్ని రోజుల ప్రాక్టీస్ దీంతో చేస్తారు అన్నది లెక్కేసుకోండి. మామూలు రోజుల ప్రాక్టీస్‌కు చవక పెల్లెట్ సరిపోతుంది. పూర్తిగా అవే కాకుండా వారానికి ఒక రోజైనా మ్యాచ్ పెల్లెట్ కొట్టండి, పడే చోటు మరిచిపోకుండా.

సీసం మెత్తనిది. డబ్బాను కింద పడేయడం, బ్యాగులో విసిరేయడం, మూత తీసి గిలకరించడం లాంటివి చేస్తే ఏరిన పెల్లెట్లు మళ్లీ సొట్టపోతాయి. పోటీకి ఏరినవాటిని గుంతలున్న ట్రేలో ఒక్కొక్కటిగా తల కిందికి పెట్టి ఉంచండి. తీసేటప్పుడు నడుము దగ్గర పట్టుకోండి, స్కర్ట్ నొక్కకుండా. తడి తగలని చోట పెట్టండి. నూనె రాయడం, కడగడం వద్దు. కంపెనీ వేసిన సన్నని పూత పోతే బారెల్ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, లాట్ నంబరు, తల కొలత, సిలిండర్ ఒత్తిడి, గ్రూపుల కొలతలు, ఏరివేతలో ఎన్ని పోయాయి, ఇవి చాలు. కాగితం టార్గెట్లయితే పారేయకుండా వెనకాల ఇవన్నీ రాసి దాచుకోండి.

రైఫిల్‌ను సర్వీసుకిచ్చి సీళ్లు మార్పించినా, రెగ్యులేటర్ ముట్టుకున్నా, బారెల్ తీసి బిగించినా మళ్లీ రెండో విడత టెస్ట్ చేయాలి. అంతకుముందు నప్పిన లాట్ ఆ తర్వాత నప్పకపోవచ్చు. మంచి లాట్ అయిపోవచ్చినప్పుడు చివరి రెండు వందలు మిగలకముందే కొత్త లాట్ శాంపిళ్లు తెప్పించి, పాతదాంట్లోంచి వంద విడిగా దాచి పెట్టండి. కొత్తవాటిని నోట్‌బుక్‌లోని అంకెలతో కాకుండా, ఆ వందతో అదే రోజు, అదే బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.